ఊహా? అనుమానమా?

రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే, కానీ తెలుగులో ఒకదానికి మంచి పేరొచ్చింది, ఇంకోదానికి చెడ్డపేరు. న్యాయదర్శనంలో (మన పాత తర్కశాస్త్రంలో) అనుమానం అంటే కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం, అంటే ప్రత్యక్షం (నేరుగా చూసి తెలుసుకోవడం) తర్వాత చెప్పే గట్టి ప్రమాణం, నిజం తెలుసుకునే దారి. హిందీలో ఇప్పటికీ 'అనుమాన్' అంటే అంచనాయే. మన దగ్గర మాత్రం మొగుడు పెళ్లాం ఫోన్ తిరగేస్తే అనుమానం! లెక్కల్లో డౌటొచ్చినా అదే మాట, పోలీసులు పట్టుకెళితే అనుమానితుడు.

ఊహ అలా కాదు. సంస్కృతంలో తర్కించడమే అయినా, 'ఊహ తెలిసినప్పటి నుంచి' అంటే మనకు బుద్ధెరిగిన వయసు, నాకు భలే ఇష్టమైన వాడుక. కాకపోతే 'ఊహాగానాలు' అనేసరికి మంత్రివర్గ మార్పుల పుకార్లే. "వాడు వస్తాడని నా ఊహ" అంటే ఎదురుచూస్తున్నట్టు, "వస్తాడని నా అనుమానం" అంటే రాకపోతే బాగుండునన్నట్టు.