జర్మన్ కెప్టెన్ ప్రీన్ దూరిన దారి చూడ్డానికి ఓర్క్‌నీ వెళ్ళాం

స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఓర్క్‌నీ దీవులకు చాలామంది స్కారా బ్రేలో ఉన్న ఐదువేల ఏళ్ళనాటి రాతి ఇళ్ళ కోసం వెళ్తారు. మమ్మల్ని అక్కడికి లాక్కెళ్ళింది మాత్రం గుంటర్ ప్రీన్ అనే జర్మన్ జలాంతర్గామి కెప్టెన్ కథ. 1939 అక్టోబర్ 14 అర్ధరాత్రి దాటాక, 31 ఏళ్ళ వయసులో, తన జలాంతర్గామి యు-47ని ఈ దీవుల మధ్య ఉన్న స్కాపా ఫ్లో అనే రేవులోకి, అంటే బ్రిటిష్ నౌకాదళం నట్టింట్లోకి తెచ్చి, రాయల్ ఓక్ అనే యుద్ధనౌకను ముంచి, వచ్చిన దారినే బయటపడ్డాడు.

అబర్డీన్ నుంచి నార్త్‌లింక్ ఫెర్రీలో ఆరు గంటలు. ఓడ శుభ్రంగా ఉంది, సీట్లు బాగున్నాయి. కానీ కిర్క్‌వాల్ చేరేసరికి రాత్రి పదకొండవుతుంది, రేవు నుంచి ఊళ్ళోకి మళ్ళీ కొంత దూరం. మా అత్తయ్యకి సముద్రం పడక దారంతా కళ్ళు మూసుకునే కూర్చున్నారు. పెద్దవాళ్ళతో వెళ్తే, రోడ్డు ప్రయాణం ఎక్కువైనా సరే, స్క్రాబ్‌స్టర్ దాకా కారులో వెళ్ళి స్ట్రామ్‌నెస్ ఫెర్రీ ఎక్కండి. సముద్రం మీద గంటన్నరే.

బసలో ఒక దెబ్బ తిన్నాం. ఆలస్యంగా వస్తామని ముందే మెయిల్ పెట్టినా, మొదట బుక్ చేసుకున్న గెస్ట్ హౌస్‌లో తలుపు తీసే దిక్కు లేదు. ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. చలిలో చిన్నపిల్లతో బయట నిలబడితే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. మర్నాడే సెయింట్ మేరీస్ ఊళ్ళో వంటిల్లున్న చిన్న కాటేజ్‌కి మారిపోయాం. రేటు దాదాపు అంతే. అన్నం వండుకోవచ్చు, పైగా కిటికీలోంచి ప్రీన్ వచ్చిన కిర్క్ సౌండ్ కాలువ కనిపిస్తుంది. ఈ యాత్రలో డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది ఇక్కడే.

ఆ కాలువని ఒడ్డున నిలబడి చూస్తేగానీ అతను చేసిన పని అర్థం కాదు. అంత ఇరుకు. దారికి అడ్డంగా బ్రిటిష్‌వాళ్ళు పాత ఓడల్ని ముంచిపెట్టారు. చీకటి రాత్రి అని అతని పై అధికారి డోనిట్జ్ తేదీ ఎంచుకుంటే, ఆ రాత్రే ఆకాశంలో నార్తర్న్ లైట్స్ వెలిగాయి. అయినా సముద్రం పోటు మీదుండగా, మునిగి కాదు, నీటిపైన తేలుతూనే ఆ ఓడల సందులోంచి దూరాడు. కుర్రతనంలోనే సరుకు ఓడల్లో చేరి, కెప్టెన్ లైసెన్స్ సంపాదించి, మాంద్యంలో ఉద్యోగం దొరక్క 1932లో నాజీ పార్టీలోనూ మరుసటి ఏడు నౌకాదళంలోనూ చేరిన మనిషి. ఓడ నడపడంలో అతని పనితనాన్ని ఒప్పుకోవాల్సిందే. నా మెచ్చుకోలు మాత్రం అక్కడితో ఆగుతుంది.

ఎందుకు ఆగుతుందో కిర్క్‌వాల్‌లోని సెయింట్ మాగ్నస్ చర్చిలో తెలుస్తుంది. ఎర్ర రాతి కట్టడం, 1137లో మొదలైంది, చూడ్డానికి టికెట్ లేదు. లోపల రాయల్ ఓక్ గంట, పోయినవాళ్ళ పేర్ల పుస్తకం ఉన్నాయి. మొదటి టార్పెడో తగిలినప్పుడు లోపలే ఏదో పేలిందనుకుని చాలామంది మళ్ళీ నిద్రకి ఒరిగారు. ప్రీన్ మళ్ళీ టార్పెడోలు నింపుకుని కొట్టిన దెబ్బకి ఓడ పావుగంటలోపే మునిగింది. 835 మంది పోయారు. వాళ్ళలో వందమందికి పైగా పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రాళ్ళు. నాలుగు రోజులకి బెర్లిన్‌లో ప్రీన్ మెడలో హిట్లర్ నైట్స్ క్రాస్ అనే పెద్ద సైనిక పతకం వేశాడు. రిపల్స్ అనే రెండో నౌకనీ కొట్టానని ప్రీన్ చెప్పుకున్నాడు గానీ, ఆ నౌక ఆ రాత్రి అక్కడ లేనే లేదు. స్కాపా బీచ్‌లో చిన్న స్మారక తోట ఉంది. ఓడ మునిగినచోట గుర్తుగా నీటిపైన తేలే ఆకుపచ్చ బోయా ఉంటుంది. అది సమాధి కింద లెక్క, డైవింగ్ నిషేధం. పది నిమిషాల్లో చూడటం అయిపోతుంది, గాలి మాత్రం ఈడ్చి కొడుతుంది.

ప్రీన్ దెబ్బ తర్వాత ఆ తూర్పు కాలువలన్నీ మూసెయ్యమని చర్చిల్ ఆర్డర్ వేశాడు. చర్చిల్ బారియర్స్ అనే ఆ నాలుగు కట్టల మీదే ఇప్పుడు రోడ్డు. ఎక్స్1 బస్సు వాటి మీదుగానే పోతుంది, కారు లేకపోయినా పర్వాలేదు. వాటికి చాకిరీ చేసింది ఆఫ్రికాలో పట్టుబడిన ఇటాలియన్ యుద్ధఖైదీలు. ఖైదీల చేత యుద్ధపు పని చేయించకూడదు గనక, దీవుల మధ్య జనం తిరిగే రోడ్డు అని పేరు పెట్టారు. లాంబ్ హోమ్ దీవిలో రెండు రేకుల షెడ్లని కలిపి ఆ ఖైదీలు కట్టుకున్న ఇటాలియన్ చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) తప్పక చూడాలి. దొమెనికో కియొక్కెత్తి అనే ఖైదీ లోపలి రేకు మీద ఇటుకలూ చెక్కడాలూ ఉన్నట్టే రంగులేశాడు. దగ్గరికెళ్ళి చూస్తేగానీ బొమ్మ అని నమ్మలేం.

అక్కడ నిలబడితే నాకు ప్రీన్ ముంచిన ఇంకో ఓడ గుర్తొచ్చింది. 1940 జులై 2న ఐర్లండ్ దగ్గర ఒకే టార్పెడోతో ఆరండోరా స్టార్‌ని ముంచాడు. బ్రిటన్ అరెస్టు చేసి కెనడాకి పంపుతున్న ఇటాలియన్, జర్మన్ పౌరులు అందులో ఉన్నారు. ఎనిమిది వందల మందికి పైగా పోయారు, సగానికి పైగా ఇటాలియన్లే. అంటే తన పక్షంవాళ్ళే. అతని పేరు మీద 30 ఓడల లెక్క చెప్పేవాళ్ళు దీన్ని కూడా ఆ లెక్కలోనే కలిపేస్తారు. 1941 మార్చిలో యు-47 మనుషులందరితో సహా మాయమైంది, ఎలా మునిగిందో ఇప్పటికీ తేలలేదు. ఆ చావుని జర్మనీ మే నెల దాకా బయటపెట్టలేదు.

హోయ్ దీవిలో లైనెస్ మ్యూజియం ఉచితం, పాత నౌకాదళ పంప్ హౌస్‌లో పెట్టారు. పక్కనే శ్మశానంలో రాయల్ ఓక్ నావికుల సమాధులు ఉన్నాయి. హౌటన్ నుంచి వెళ్ళే ఫెర్రీలో కారుకి చోటు ముందే బుక్ చేసుకోవాలి. సగం రోజు పోతుంది గనక, యుద్ధ చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్ళని ఇంటి దగ్గరే వదిలి వెళ్ళడం మంచిది. మా ఆవిడా అత్తయ్యా కిర్క్‌వాల్ షాపుల్లో తిరిగి నాకంటే సంతోషంగా కనిపించారు.

క్రూజ్ ఓడ వచ్చిన రోజు చాపెల్‌లో అడుగు పెట్టే చోటుండదు. ఏ రోజు ఏ ఓడ వస్తుందో రేవువాళ్ళు ముందే జాబితా పెడతారు, చూసుకుని వెళ్ళండి. శీతాకాలం తుఫానుల్లో బారియర్స్ మీద అలలు దూకి రోడ్డు మూసేస్తుంటారు. మే నుంచి ఆగస్టు లోపు చూసుకోండి.