సాంగ్స్ ఆఫ్ డిసప్పియరెన్స్: పిట్టలే పాడిన ఆల్బమ్, పిల్లలతో వినే పద్ధతి

అడవి జంతువుల మీద పిల్లల కోసం వచ్చే పాటల్లో ఒక లోపం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పులి "నేను పులిని" అంటూ మొదలుపెడుతుంది. రెండో చరణానికల్లా "చెట్లు నరకకండి, ప్లాస్టిక్ పారేయకండి" అంటుంది. పేరు పులిది, మాటలు పెద్దవాళ్లవి. పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు, ఆ చరణం నుంచి వినడం మానేస్తారు. ఆస్ట్రేలియా నుంచి 2021 డిసెంబర్‌లో వచ్చిన 'సాంగ్స్ ఆఫ్ డిసప్పియరెన్స్'లో ఈ ఇబ్బందే రాదు. అందులో మనిషి రాసిన మాట ఒక్కటీ లేదు. అంతరించే ముప్పులో ఉన్న 53 రకాల పక్షులు తమ గొంతుతో తామే పాడతాయి.

బోవర్‌బర్డ్ కలెక్టివ్ అనే సంగీత బృందం, పక్షుల సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా, చార్లెస్ డార్విన్ యూనివర్సిటీ కలిసి దీన్ని తెచ్చాయి. రికార్డింగుల వెనక ఉన్నది ప్రకృతి శబ్దాలు రికార్డు చేసే డేవిడ్ స్టువర్ట్ దశాబ్దాల శ్రమ. ఆస్ట్రేలియా పక్షుల్లో ఆరింటిలో ఒకటి ముప్పులో ఉందని తేల్చిన శాస్త్రవేత్తల నివేదికకు తోడుగా వచ్చిన ఆల్బమ్ ఇది. అమ్మకాల డబ్బు బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా సంరక్షణ పనులకు వెళ్లింది. క్రిస్మస్ పాటల రోజుల్లో విడుదలై కూడా అక్కడి జాతీయ ఆల్బమ్ చార్టులో మొదటి ఐదు స్థానాల్లోకి చేరింది. వాద్యాలు లేని పక్షుల ఆల్బమ్‌కు అది మామూలు విషయం కాదు.

మొదటి ట్రాక్ మిగతావాటికంటే వేరు. వయొలిన్ కళాకారిణి సిమోన్ స్లాటరీ ఈ పక్షుల గొంతులన్నీ అల్లి, తెల్లవారుజామున అడవి ఒక్కసారిగా మేల్కొన్నట్టు కూర్చారు. ఆ తర్వాత ఒక్కో పక్షికి ఒక్కో ట్రాక్. అవి చాలా చిన్నవి, ఎక్కువ భాగం నిమిషం లోపే అయిపోతాయి. కోయిల లాంటి తియ్యని పాటలే ఉంటాయనుకుంటే పొరపాటు. టకటకలు, గరగరలు, కీచుమనే అరుపులు కూడా ఉన్నాయి. గోల్డెన్ బోవర్‌బర్డ్ గొంతు పాత సైన్స్ సినిమాలో యంత్రం మోగినట్టుంటుంది, ఐదారేళ్ల పిల్లలు ఎక్కువగా నవ్వేది దానికే. క్రిస్మస్ ఐలండ్ పావురం గొంతు బాగా లోతు.

ఆ లోతైన గొంతుల దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. ఫోన్‌కుండే చిన్న స్పీకర్ తక్కువ పౌనఃపున్యాలను పలికించలేదు. పావురం ట్రాక్ పెట్టగానే పిల్లలు "ఏమీ వినబడట్లేదు" అంటే రికార్డింగును తప్పుపట్టకండి, ఫోన్‌ను పక్కనపెట్టి మామూలు బ్లూటూత్ స్పీకర్ పెట్టండి. రెండోది, స్ట్రీమింగ్ యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివర మీదే తర్వాతిది మొదలయ్యే సెట్టింగ్) రెండూ ఆపేయాలి. ట్రాకులే చిన్నవి కాబట్టి క్రాస్‌ఫేడ్ ఉంటే ఒక పిట్ట తోక మీద ఇంకో పిట్ట ఎక్కుతుంది, పిల్లలు రెండింటినీ కలిపి ఒకటే పక్షి అనుకుంటారు. ఉచిత ఖాతాలో మధ్యలో ప్రకటనలు పడతాయి. తరగతి గదిలో వాడేవాళ్లు డౌన్‌లోడ్ కొనుక్కోవడం మేలు.

ఆల్బమ్‌లో నిజమైన లోటు వేరే ఉంది. ట్రాక్ పేరు తప్ప ఆ పక్షి గురించి ఇంకేమీ తెలియదు. అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎందుకు తగ్గిపోయింది అనేది పెద్దవాళ్లే ముందుగా చదివి పెట్టుకోవాలి. ఆ పని చేయకుండా 53 ట్రాకులూ వరసగా పెడితే పదో ట్రాక్‌కు పిల్లలు లేచి వెళ్లిపోతారు. ఒక పూటకు మూడు పక్షులు, మహా అయితే నాలుగు. ఒక్కో ట్రాక్ మూడుసార్లు పెట్టండి. మొదటిసారి కళ్లు మూసుకుని వినాలి. రెండోసారి నోటితో అనుకరించాలి. మూడోసారి విన్నాక "నేను" అంటూ ఆ పక్షి తరఫున ఒక్క వాక్యం చెప్పాలి. నియమం ఒక్కటే: పక్షికి తెలిసిందే చెప్పాలి. ఆకలి, చీకటి, గూడు, జత, శత్రువు. "సంరక్షణ", "పర్యావరణం" లాంటి మాటలు నిషిద్ధం.

ఈ పద్ధతికి రీజెంట్ హనీఈటర్‌ను మించిన పక్షి లేదు. నలుపు, పసుపు రంగుల్లో ఉండి యూకలిప్టస్ పూల తేనె తాగే పిట్ట ఇది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో అది బతికే చెట్లతోపులు సాగు కోసం కొట్టేయడంతో ఇప్పుడు కొన్ని వందలే మిగిలాయి. దీని మగ పక్షిపిల్లలు పాటతో పుట్టవు, పెద్ద మగపక్షుల దగ్గర విని నేర్చుకుంటాయి. పెద్దవి అరుదైపోయేసరికి నేర్పేవాళ్లు లేకుండా పోయారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మగవాటిలో దాదాపు 12 శాతం వేరే జాతి పక్షుల పాట పాడుతున్నాయని తేలింది. అలా పాడే మగవాటికి జత దొరికే అవకాశం కూడా తగ్గింది. సంరక్షణ కేంద్రాల్లో పెంచే పక్షిపిల్లలకు ఇప్పుడు అసలు పాట రికార్డింగులు వినిపించి నేర్పుతున్నారు.

ఈ సంగతి చెప్పాక ఏడెనిమిదేళ్ల పిల్లలతో పాట కట్టించడం తేలిక. నమూనాగా నాలుగు పాదాలు:

"పూసే చెట్టు పోయింది,
పాట చెప్పే తాత లేడు.
పక్కింటి పిట్ట పాట నేర్చా,
నా జత నన్ను పోల్చలేదు."

నీతి లేదు, నినాదం లేదు. అయినా "చెట్టు ఎందుకు పోయింది?" అని పిల్లలే అడుగుతారు. సంభాషణ అక్కడ మొదలవ్వాలి. ఇంతకుమించి చరణాలు పెంచితే మళ్లీ ఉపన్యాసంలోకి జారుతుంది.

నైట్ పారట్ ఇంకో మంచి ఎంపిక. స్పినిఫెక్స్ అనే ముళ్లగడ్డి గుబుర్లలో పగలంతా దాక్కుని రాత్రిళ్లు తిరిగే నేలచిలుక ఇది. దాదాపు అంతరించినట్టే అనుకున్నారు. 1990లో ఒకటి, 2006లో ఒకటి చనిపోయి దొరికాయి. బతికున్న పక్షి ఫొటో 2013లో గానీ రాలేదు. దాని గొంతు తెలిశాకే ఎడారిలో రికార్డర్లు పెట్టి ఎక్కడెక్కడ ఉందో వెతకడం సాధ్యమైంది. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ కథ బాగా పడుతుంది.

మన కలివికోడిది కూడా ఇలాంటి కథే. 1900 తర్వాత జాడలేక, 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికిన పక్షి. అదీ రాత్రిళ్లే తిరుగుతుంది. సూర్యుడు అస్తమించిన ముప్పావు గంటకు, కాసేపు మాత్రమే "ట్విక్-టూ, ట్విక్-టూ" అని పిలుస్తుంది. సర్వేల్లో దాన్ని పట్టిచ్చిందీ ఆ పిలుపే. నైట్ పారట్ విన్న రోజే కలివికోడి తరఫున కూడా ఒక పాట కట్టించండి. తెలుగులో ఇలాంటి ఆల్బమ్ ఒకటి రావాల్సిన అవసరం గట్టిగా ఉంది, మొదటి ట్రాక్ దానిదే కావాలి.

ఒక హెచ్చరిక. ఈ ఆల్బమ్ అయ్యాక పిల్లలు మన పక్షుల గొంతులు కూడా ఫోన్‌లో వెతుకుతారు. ఇంట్లో వినొచ్చు. చెట్టు కింద నిలబడి, ముఖ్యంగా గూళ్లు పెట్టే రోజుల్లో, అదే జాతి పిలుపు స్పీకర్లో పెట్టకూడదు. మగపక్షి ప్రత్యర్థి వచ్చిందనుకుంటుంది, మేత, గూడు వదిలి ఆ గొంతు వెంట తిరుగుతుంది.

2022 డిసెంబర్‌లో ఇదే బృందం కప్పలతో రెండో ఆల్బమ్ తెచ్చింది. 43 రకాలు. కప్పల అరుపులు రికార్డు చేసి జాతిని గుర్తించేందుకు ఆస్ట్రేలియన్ మ్యూజియం నడిపే ఫ్రాగ్‌ఐడీ యాప్‌తో కలిసి చేసిన పని అది. పక్షుల గొంతుల్లో ఉన్నంత వైవిధ్యం అందులో లేదు, కానీ ఐదేళ్ల లోపు పిల్లలకు అనుకరించడం తేలిక. ఇంట్లో అంత చిన్నవాళ్లుంటే కప్పలతో మొదలుపెట్టండి. ఏడేళ్లు దాటినవాళ్లకైతే నేరుగా పక్షులే, అదీ రీజెంట్ హనీఈటర్ నుంచి.