కరీంనగర్ వెండి డయలుకు ఏ మూవ్‌మెంట్?

వరంగల్‌లో చిన్న వాచీ సంస్థ పెట్టాలనుకునేవారు మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) కూడా సొంతంగా తయారు చేయాలని పట్టుపట్టకూడదు. ఆ డబ్బు, ఓపిక కరీంనగర్ ఫిలిగ్రీ (వెండి తీగ పని) డయలు మీద పెట్టడమే తెలివి. మూవ్‌మెంట్ కొనుక్కోవచ్చు. సీకో ఎన్‌హెచ్35 కొనాలా, మియోటా 9015 కొనాలా? రెండూ జపాన్ ఆటోమేటిక్‌లే, అంటే చేయి కదిలితే వాటంతటవే చుట్టుకునేవి.

అసలు పేచీ మందం దగ్గర. ఎన్‌హెచ్35 మందం 5.32 మిల్లీమీటర్లు, 9015ది 3.9. సన్నని వెండి తీగను మెలిపెట్టి, ఒంపులు తిప్పి, టంకం వేస్తే డయలు ఎలాగూ ఎత్తు పెరుగుతుంది. దానిపైన ముళ్లు, ఆపైన అద్దం. కింద ఆదా అయ్యే 1.4 మిల్లీమీటర్లు చిన్నవి కావు. వాచీ చొక్కా చేతి కిందికి దూరాలి కదా!

9015 గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, ఎన్‌హెచ్35 21,600 సార్లు. అందుకే మొదటిదానిలో సెకన్ల ముల్లు నునుపుగా సాగుతుంది. పూర్తిగా చుడితే నడిచేది 42, 41 గంటలు, తేడా లేనట్టే.

ధరలో, మరమ్మతులో ఎన్‌హెచ్35దే పైచేయి. చౌక, సులభంగా దొరుకుతుంది. పాడైతే హన్మకొండలో చేయి తిరిగిన మెకానిక్ మొత్తంగా మార్చేయగలడు. దాని రోటర్ (చేతి కదలికకు లోపల తిరిగే బరువు) ఎటు తిరిగినా స్ప్రింగ్ చుట్టుకుంటుంది. 9015లో ఒకవైపే, రెండోవైపు గిర్రున తిరిగే చప్పుడు కొందరికి చిరాకు.

తేదీ కోసం ఫిలిగ్రీకి కన్నం పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. తేదీ లేని రకాలు రెండింటిలోనూ ఉన్నాయి: ఎన్‌హెచ్38, 9039. ఫిలిగ్రీకి నా ఓటు 9039కే. పెంబర్తి పనితనంతో పలుచని ఇత్తడి రేకు డయలు చేయిస్తే ఎన్‌హెచ్38 చాలు.