ఆసుపత్రి బ్యాకప్‌కి జనరేటరా, లిథియం బ్యాటరీయా? ఏది మేలు?

చెన్నైలో నలభై, యాభై పడకల నర్సింగ్ హోమ్ నడిపే మన తెలుగు డాక్టర్లను ఈ మధ్య వేధిస్తున్న ప్రశ్న ఇది. పాత డీజిల్ జనరేటర్ మార్చే సమయం వచ్చింది. మళ్లీ జనరేటరే కొనాలా, ఆ డబ్బు లిథియం బ్యాటరీల మీద పెట్టాలా? ఎవరు అమ్మేది వాళ్లకు గొప్ప, వాళ్ల మాట వింటే అవతలిది ఎందుకూ పనికిరాదనే అనిపిస్తుంది. నేనైతే బ్యాటరీ కొనమనే అంటాను. కానీ జనరేటర్‌ని తీసేయడానికి కాదు, దాని పని తగ్గించడానికి.

ఈబీ (విద్యుత్ బోర్డు) కరెంటు పోయాక జనరేటర్ స్టార్ట్ అయి, వోల్టేజి కుదురుకుని, లోడ్ ఎత్తుకోవడానికి పది, పదిహేను సెకన్లు పడుతుంది. వెంటిలేటర్‌కి లోపలే బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈలోపు ఫర్వాలేదు. ల్యాబ్ మెషిన్లకూ కంప్యూటర్లకూ ఆ సదుపాయం ఉండదు. అందుకే ఇప్పటికే అందరి దగ్గరా యూపీఎస్ ఉంది, దాని కింద సీసం బ్యాటరీలు ఉన్నాయి. అవి పావుగంటో అరగంటో నిలబడితే చాలు, ఈలోపు జనరేటర్ వచ్చేస్తుందన్నది లెక్క. రాకపోతే? జనరేటర్ మొరాయించడానికి తరచుగా కనిపించే కారణం దాన్ని స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ చచ్చిపోవడమే. డీజిల్‌ని నమ్ముకున్నామని అనుకుంటాం గానీ, అక్కడా మొదట నమ్ముకుంటున్నది బ్యాటరీనే.

సీసం, లిథియం మధ్య నాకు పెద్ద సందేహం లేదు. సీసం బ్యాటరీకి 25 డిగ్రీలు అనువైన వేడి. అక్కడి నుంచి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మెట్ల కింద తలుపు మూసిన యూపీఎస్ గదిలో, రోహిణి కార్తెలో, 35 డిగ్రీలు లేనిదెప్పుడు? పైగా వరసలో ఒక్కటి నీరసించినా మొత్తం వరస కూలబడుతుంది, అదీ కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ప్రతి సెల్‌నీ ఎలక్ట్రానిక్స్ కనిపెట్టుకుని ఉంటుంది. నాలుగు వేలసార్లు, అంతకు మించి కూడా ఛార్జింగ్‌ని తట్టుకుంటుంది. ధర ఎక్కువే. ఒకే డాక్టరు నడిపే చిన్న క్లినిక్ అయితే సీసంతోనే సర్దుకోవచ్చు.

అసలు పోటీ డీజిల్‌తోనే. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ఆక్సిజన్, మందుల ఫ్రిజ్, అత్యవసరమైన లైట్లు, రెండు మూడు ఏసీలు కలిపి 20 కిలోవాట్లు అనుకుందాం. రెండు గంటలు నడపాలంటే 40 యూనిట్లు కావాలి. కొంత మిగులు ఉంచుకుని 50 యూనిట్ల బ్యాటరీ తీసుకుంటే సరిపోతుంది. ఇదే పని డీజిల్‌తో అయితే లీటరుకు మూడు, మూడున్నర యూనిట్ల లెక్కన పదిహేను లీటర్లు కూడా పట్టదు. 200 లీటర్ల పీపా ఒక్కటి ఉంటే ఈ లోడ్ ముప్ఫై గంటలు నడుస్తుంది. అంతసేపు బ్యాటరీతోనే నడపాలంటే అలాంటివి పన్నెండు పెట్టాలి. ఏ నర్సింగ్ హోమ్ పెట్టగలదు? కరెంటు పోయేది చాలాసార్లు నిమిషాలే, మహా అయితే గంట. వాటన్నిటికీ బ్యాటరీయే మేలు. కానీ 2016 డిసెంబరులో వర్దా తుఫాను స్తంభాలు పడగొట్టినప్పుడు నగరంలో కొన్నిచోట్ల కరెంటు రావడానికి రోజులు పట్టింది. అలాంటప్పుడు ఆదుకునేది డీజిలే, అదీ ముందే నింపి పెట్టుకుంటే.

డీజిల్ ఆదా చేసి బ్యాటరీ తన ఖర్చు తానే తెచ్చుకుంటుందని కొటేషన్‌లో ఒక పట్టిక పెడతారు. డీజిల్ కరెంటు యూనిట్‌కి పాతిక, ముప్ఫై రూపాయలు పడుతుందన్నది నిజమే. కానీ ఏడాదిలో జనరేటర్ తిరిగేది కొద్ది గంటలైతే మిగిలేదెంత? రోజూ సోలార్‌తో నింపి, కరెంటు వాడకం ఎక్కువగా ఉండే పీక్ అవర్స్‌లో వాడుకుంటేనే ఆ లెక్క కుదురుతుంది. అప్పుడేమో సాయంత్రం ఆరింటికి వాడటం మొదలుపెట్టిన బ్యాటరీ, తొమ్మిదింటికి ఈబీ పోయేసరికి ఖాళీగా ఉండొచ్చు. రోజువారీ వాడకం పెట్టుకున్నా సగం ఎప్పుడూ ముట్టుకోకుండా సెట్ చేయించుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద విషయం, ఇవి ఎక్కడ పెట్టామన్నది. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది ఒడ్డున ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో నీళ్లు జనరేటర్ల దాకా వచ్చాయి. 18 మంది రోగుల మరణం దేశమంతా వార్త అయింది. ఆ మరణాలకు కారణం కరెంటేనా అన్న వాదన ఎలా ఉన్నా, నీళ్లలో మునిగిన జనరేటర్ ఉన్నా లేనట్టే. బేస్‌మెంట్‌లో పెడితే లిథియం గతీ అంతే. ఇక్కడ బ్యాటరీకి ఒక వెసులుబాటు ఉంది. అంతే కరెంటు ఇచ్చే సీసం బ్యాటరీల బరువులో సగం కూడా తూగదు, పొగ గొట్టం అక్కర్లేదు, మొదటి అంతస్తుకు ఎక్కించడం తేలిక. వేళచ్చేరి లాంటి పల్లపు ప్రాంతమైతే నేను ఇంకేమీ చూడను, దీనికే ఓటేస్తాను.

నిప్పు భయం ఉత్తదేం కాదు. ఐరన్ ఫాస్ఫేట్ మిగతా లిథియం రకాలకన్నా వేడికి బాగా ఓర్చుకుంటుంది, అలాగని అంటుకోదని కాదు. ఐసీయూ గోడకు ఆనించి పెట్టొద్దు. గది వేరుగా ఉండాలి. ఆ గది ఏసీ కూడా బ్యాకప్ లైన్ మీదే ఉండాలి, ఇది చాలామంది మరిచిపోతారు. బ్యాటరీ భద్రతకు ఐఈసీ 62619 సర్టిఫికెట్, అంటుకుంటే మంట ఎలా పాకుతుందో చూసే యూఎల్ 9540ఏ పరీక్ష రిపోర్టు అడగండి. నీళ్లు నమిలితే ఆ కంపెనీని వదిలేయండి.

అమెరికాలో 2023 మార్చిలో ఆసుపత్రుల అత్యవసర కరెంటుకు బ్యాటరీలు, సోలార్ కలిసిన మైక్రోగ్రిడ్‌లనూ (ఆసుపత్రి వరకు సొంతంగా నడిచే చిన్న కరెంటు వ్యవస్థలు) అక్కడి ప్రభుత్వం అనుమతించింది. దాన్ని చూపించి జనరేటర్ తీసేయమనే సలహా ఇక్కడ చెల్లదు.

కాబట్టి 50 యూనిట్ల లిథియం, దాని వెనక ఇప్పుడున్నదానికన్నా చిన్న జనరేటర్. తక్కువ లోడ్ మీద గంటలకొద్దీ తిరిగే పెద్ద ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది, అందుకే చిన్నది. లిఫ్టు, ఎక్స్‌రే మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి కాబట్టి వాటిని బ్యాటరీకి తగిలించొద్దు. కొటేషన్‌లో ఎన్ని కిలోవాట్లు మోస్తుంది, ఎన్ని యూనిట్లు దాచుకుంటుంది అనేవి వేర్వేరుగా రాయించుకోండి. చివరి చెల్లింపు చేసేముందు, ఆపరేషన్లు లేని ఒక ఆదివారం, ముఖ్యమైన రోగులకు వేరే ఏర్పాటు చేసుకుని, మెయిన్ ఆపించి రెండు గంటలు నడిపించి చూడండి.