టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్ మీద ఎన్‌వీడీఏ: చాలాకాలం వాడాక తేలింది

ఎన్‌వీడీఏ అంటే స్క్రీన్ మీద ఉన్నది చూపు లేనివాళ్లకి చదివి వినిపించే ఉచిత విండోస్ ప్రోగ్రామ్. దానికి టచ్ కొత్తేం కాదు. 2012.3 వెర్షన్‌లోనే, విండోస్ 8 కోసం ప్రయోగాత్మకంగా మొదలైంది. అయినా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇలాగే చదివి వినిపించే టాక్‌బ్యాక్ మీద చకచకా వేళ్లు నడిపేవాళ్లు కూడా ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి కీబోర్డు వదలరు. వదలక్కర్లేదు కూడా. టైపింగ్‌కి, వెబ్ పేజీల్లో హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కి దూకడానికి కీబోర్డే మేలు. టచ్ పనికొచ్చేది వేరే చోట: స్క్రీన్ మీద ఏది ఎక్కడుందో తెలుసుకోడానికి.

ఉదాహరణకి బస్సు టికెట్ సైట్లో సీట్ల పటం. ట్యాబ్ కొట్టుకుంటూ పోతే 14, 15, 16 అని వరసగా వినిపిస్తాయి, అందులో ఏది కిటికీ పక్కదో చెప్పదు. వేలు అడ్డంగా జరిపితే ఏ సీటు అంచున ఉందో, నడిచే దారి ఎక్కడొచ్చిందో తెలిసిపోతుంది. సీట్లకి పేర్లు పెట్టిన సైట్ అయితేనే సుమా. బొమ్మగా గీసి వదిలేసిన పటం మీద వేలు ఎంత తిప్పినా ఉపయోగం లేదు. ఎవరైనా ఫోన్‌లో "పైన కుడి మూల బటన్ నొక్కండి" అన్నప్పుడు కూడా అంతే, నేరుగా ఆ మూలకే వేలు పెట్టొచ్చు.

సైగలు కొన్నే. వేలు ఆనిస్తే చదువుతుంది, డబుల్ ట్యాప్ చేస్తే తెరుస్తుంది. ఆబ్జెక్ట్ మోడ్‌లో (బటన్లు, లింకుల్లాంటివి ఒక్కోటిగా చూసే పద్ధతి) కుడికి స్వైప్ చేస్తే తర్వాతిది, ఎడమకి అంతకు ముందుది. పైకి చేస్తే దాన్ని ఇముడ్చుకున్న పెద్ద భాగం, కిందికి చేస్తే దాని లోపలిది. మూడు వేళ్ల ట్యాప్‌తో టెక్స్ట్ మోడ్‌కి మారుతుంది. అక్కడ కిందికీ పైకీ లైన్లు, పక్కలకి అక్షరాలు. రెండు వేళ్ల డబుల్ ట్యాప్‌తో ఎన్‌వీడీఏ మెనూ వస్తుంది.

మొదట్లో అందరూ తిట్టుకునేది ఒక్కటే: "స్వైప్ చేస్తుంటే పక్కదానికి వెళ్లకుండా వేలి కింద ఉన్నదే చదువుతోంది." కారణం వేగం. వేలు పావు సెకనులోపు కనీసం 50 పిక్సెళ్లు జరిగితేనే ఎన్‌వీడీఏ దాన్ని స్వైప్‌గా తీసుకుంటుంది. అంతకంటే నెమ్మదిస్తే వెతుకుతున్నారనుకుని కింద ఉన్నదాన్ని చదువుతుంది. 15.6 అంగుళాల మామూలు 1366×768 స్క్రీన్‌పై 50 పిక్సెళ్లంటే దాదాపు 1.3 సెంటీమీటర్లు, అదే సైజు ఫుల్ హెచ్‌డీ అయితే 0.9. కాబట్టి పొడవుగా లాగక్కర్లేదు, చిటుక్కున కొట్టాలి. మూడు వేళ్ల ట్యాప్‌కీ ఇదే లెక్క: వేళ్లు ఒకదాని వెనక ఒకటి పడితే విడివిడి ట్యాప్‌లైపోతాయి.

మే నెల ఉక్కపోతలో బెజవాడలో ఇది ఇంకా కష్టం. చెమట వేలు గాజుకి అతుక్కుని స్వైప్ నెమ్మదిస్తుంది. పక్కన పొడి గుడ్డ ఉంచుకోండి. రెండో చేత్తో మూత వెనక పట్టుకోకపోతే ప్రతి స్వైప్‌కీ స్క్రీన్ ఊగుతుంది. పూర్తిగా వెనక్కి మడిచే మోడల్ అయితే ఈ గొడవ లేదు, చెయ్యీ అంతగా లాగదు.

ఎవరూ ముట్టకుండానే ఎన్‌వీడీఏ తనంతట తనే ఏదో చదివేస్తోందా? ముందు ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, చాలాసార్లు ఎర్త్ లేని ప్లగ్గుది. పాత ఇళ్లలో, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద ఇది మామూలే.

టచ్ అసలు పలకకపోతే చూడాల్సినవి రెండు. పోర్టబుల్ కాపీలో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ లాంటి వాటి నుంచి నడిపేది) టచ్ పనిచేయదు, ఎన్‌వీడీఏని ఇన్‌స్టాల్ చేయాల్సిందే. విండోస్‌తోనే వచ్చే స్క్రీన్ రీడర్ నేరేటర్ కూడా నడుస్తుంటే రెండూ టచ్ కోసం పోటీపడతాయి, నేరేటర్‌ని ఆపేయండి. ఇంకో మాట: ఎన్‌వీడీఏ నడుస్తున్నంతసేపూ టచ్ అంతా దానికే పోతుంది. ఇంట్లో చూపున్నవాళ్లు అదే ల్యాప్‌టాప్ ముట్టుకుంటే పాడైందనుకుంటారు. అప్పుడు ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్‌సర్ట్), కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కి టచ్ ఆపండి, మళ్లీ అవే కీలతో ఆన్ చేసుకోవచ్చు.

కీబోర్డు లేని ట్యాబ్లెట్ అయితే ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో టచ్ టైపింగ్ మోడ్ పెట్టుకోండి. స్క్రీన్ మీది కీబోర్డులో అక్షరం మీద నుంచి వేలు ఎత్తగానే అది టైపైపోతుంది, డబుల్ ట్యాప్ అక్కర్లేదు. వేగం పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి. పాస్‌వర్డ్‌లకి ఆఫ్ చేసుకోవడమే మంచిది. సైన్ ఇన్ స్క్రీన్‌లో కూడా ఎన్‌వీడీఏ మాట్లాడేలా జనరల్ సెట్టింగ్స్‌లో ముందే టిక్ పెట్టకపోతే ట్యాబ్లెట్‌లోకి వెళ్లడానికే ఇంకొకరి సాయం కావాలి.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద ఈ సైగలేవీ పనిచేయవు, ఎన్‌వీడీఏకి అది ఒట్టి మౌస్. మ్యాక్‌లో దాని సొంత స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌కి ట్రాక్‌ప్యాడ్ సైగలు 2009 నుంచే ఉన్నాయి. ఇక్కడ ఆ లోటు అలాగే ఉంది.

గవర్నర్‌పేటలోనో అరండల్‌పేటలోనో సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు "టచ్ ఉంది" అన్న మాట ఒక్కటీ నమ్మొద్దు. విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో 'పెన్ అండ్ టచ్' దగ్గర 10 టచ్ పాయింట్లు అని ఉండాలి. రెండే ఉంటే మూడు వేళ్ల సైగలు కుదరవు. ఏమీ లేదంటే డిస్‌ప్లే మార్చి మామూలుది వేసి ఉండొచ్చు. ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేయడానికి షాపువాళ్లు ఒప్పుకోకపోయినా విండోస్, కంట్రోల్, ఎంటర్ నొక్కితే నేరేటర్ వస్తుంది. క్యాలిక్యులేటర్‌ని స్క్రీన్ నిండా తెరిచి, ప్రతి మీట మీదా వేలు జరపండి. ఏ వరసైనా పలక్కపోతే అక్కడ టచ్ పోయినట్టే, ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు.