రామనవమి పందిళ్ల కచేరీలు: బెజవాడలో, గుంటూరులో ఏళ్ల తరబడి విన్నాక

ముందే చెప్పేస్తాను. ఎండాకాలంలో ఆరుబయట కూర్చుని సంగీతం వినాలనుకునేవాళ్లకి మన రెండు ఊళ్లలో ఉగాది నుంచి రామనవమి దాకా, పందిరి విప్పని చోట్ల ఇంకో వారం దాకా జరిగే కచేరీలను మించింది లేదు. టికెట్టు లేదు, పాసు లేదు, ముందు వరస సోఫాలు దాతలకీ పెద్దలకీ వదిలేస్తే మిగతాదంతా మనదే. అలాగని ఏ కచేరీకైనా కళ్లు మూసుకుని వెళ్లిపోండి అని మాత్రం చెప్పను. ఆరుబయట కొన్ని వాద్యాలు రెట్టింపు అందంగా వినిపిస్తాయి, కొన్ని పూర్తిగా చచ్చిపోతాయి. చాలామంది కరపత్రంలో పేరు చూసి వెళ్తారు. నేను వాద్యం ఏంటి, పందిరి ఏంటి, మైకు సెట్టు ఎలాంటిది అని చూసి వెళ్తాను, అలా వెళ్లడం మొదలుపెట్టాక విసుగొచ్చి మధ్యలో లేచొచ్చిన రోజులు బాగా తగ్గిపోయాయి.

మాది సత్యనారాయణపురం, అక్కావాళ్లది గుంటూరు బ్రాడీపేట. కాబట్టి ఆ తొమ్మిది రోజులూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. పండగ ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి సగం అనుభవం మారిపోతుంది. 2023లో నవమి మార్చి 30న వచ్చింది, రాత్రి ఎనిమిదయ్యేసరికి గాలి హాయిగా ఉండేది. ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో మరుసటేడు పండగ ఏప్రిల్ 17కి జరిగింది, ఇక చూసుకోండి, పగలంతా కాగిన సిమెంటు రోడ్డు మీద జంపఖానా పరిస్తే రాత్రి తొమ్మిదింటికి కూడా కిందనుంచి సెగ కొడుతూనే ఉంది. 2025లో మళ్లీ ఏప్రిల్ 6, కాస్త నయం. అసలైన తాటాకు చలువ పందిరి వేసిన చోటు దొరికితే వదలకండి. చల్లగా ఉంటుంది, ఆకు శబ్దాన్ని కాస్త పీల్చుకుంటుంది కాబట్టి పాట కూడా మెత్తగా వినిపిస్తుంది. రేకుల షెడ్డు కింద పెట్టిన కచేరీ అయితే నేను వెళ్లను, వేడికి వేడి, మోతకు మోత.

ఇక అసలు విషయం, సన్నాయి, అంటే నాదస్వరం. ఆరుబయట కోసమే పుట్టిన వాద్యం ఇది, మైకు అనేదే లేని రోజుల్లో గుడి నుంచి వీధి చివరిదాకా వినపడాలని తయారైంది. పైగా ఇది మన జిల్లా సొత్తు. షేక్ చినమౌలానా గారు 1924లో కరవదిలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు గుంటూరు జిల్లాలోదే, ఒంగోలు జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. ఆయన శ్రీరంగం వెళ్లి స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి అందుకున్నారు. 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులూ ఈ విద్యలోవాళ్లే. మన వైపు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా రాముడి గుళ్లలో త్యాగరాజ కీర్తనలు వాయిస్తున్నాయి, ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు గర్వంగానే ఉంటుంది.

కల్యాణానికి ముందు ఎదురుకోలులో సన్నాయి విన్నారా? మైకు ఉండదు. వాద్యానికి దారంతో వేలాడే పీకల (ఊదేచోట బిగించే ముక్కల) గుత్తిలోంచి ఒకటి తీసి, నోట్లో పెట్టి తడిపి, పెదాలతో నొక్కి ఊది చూసి, నచ్చక ఇంకోటి తీసి బిగించుకుంటాడాయన. డోలు ఆయన వేళ్లకి కట్టుకున్న గట్టి తొడుగులు సరిచేసుకుంటుంటాడు. ఆ తర్వాత మోహన రాగం ఎత్తుకుంటే వీధి రెండువైపులా మేడల మీద జనం పిట్టగోడల దగ్గరకి వచ్చేస్తారు. మేడ మీద నుంచి వినేవాడికీ, పక్కన నడిచేవాడికీ ఒకటే స్పష్టత. ఏ స్పీకరూ అది ఇవ్వలేదు, నేను వినలేదు.

మిగతా వాద్యాల సంగతికి వస్తే ఎండాకాలం వాటితో ఆడుకుంటుంది. గాలి వేడెక్కే కొద్దీ అందులో శబ్దం వేగం పెరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు ఉండేది 40 డిగ్రీల దగ్గర 355 అవుతుంది, దాంతో ఫ్లూటు శ్రుతి పైకి పాకుతుంది. తీగ అందుకు రివర్సు, వేడికి సాగి కిందికి దిగుతుంది. ఎలక్ట్రానిక్ తంబురా మాత్రం పెట్టిన చోటే కదలకుండా మోగుతుంటుంది. ఒకడు పైకి, ఒకడు కిందికి, మధ్యలో కదలని తంబురా, ఇక వయొలిన్ వాళ్లు పాటకీ పాటకీ మధ్య బిరడాలు తిప్పుతూనే ఉండాలి. ఫ్లూటు వాళ్ల సంచీలో నాలుగైదు వేణువులు ఉండేది ఊరికే కాదు. అందుకే నేను కచేరీ మొదట్లో వచ్చే వర్ణం విని ఏమీ తేల్చను. కుదురుకునే దాకా వాళ్లకి టైమివ్వండి.

మృదంగం ఆయన్ని ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. ఎడమవైపు తొప్పి మీద రవ్వ ముద్ద అంటిస్తారు కదా, గంభీరమైన నాదం వచ్చేది దానివల్లే. వేదిక మీద పెద్ద స్టాండు ఫ్యాను తిన్నగా ఆయన వైపే తిప్పి పెడతారు, పాపం ఉక్కపోత అని మర్యాదకే పెడతారు, కానీ ఆ గాలికి రవ్వ అరగంటలో ఎండి బిరుసెక్కుతుంది. ఆయన పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని, కృతికీ కృతికీ మధ్య రెండు వేళ్లు ముంచి దాన్ని తడుపుకుంటుంటాడు. కుడివైపు తోలేమో పొడి వేడికి బిగుసుకుంటుంది, చిన్న రాయితో అంచు చుట్టూ కొట్టుకుంటూ మళ్లీ శ్రుతికి తెచ్చుకోవాలి. ఇంత యాతన పడి వాయించిన తని ఆవర్తనం, అంటే తాళవాద్యం ఒక్కటే వాయించే భాగం టైములో జనం ప్రసాదానికి లేచిపోతుంటే నాకు చాలా బాధేస్తుంది. ఆ పది నిమిషాలు దయచేసి కూర్చోండి.

వీణ మాత్రం పందిట్లో వద్దు. ఇరవై నాలుగు మెట్లనీ నిలబెట్టేది మైనం, వేడికి అది మెత్తబడుతుంది, పైనుంచి ఫోకస్ లైట్లు కూడా పెడితే ఇక వాళ్ల టెన్షన్ వాళ్లది. అదీకాక వీణ నాదం చిన్నది, వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకు పెట్టి పెంచితే తీగ చప్పుడు తప్ప గమకం, అంటే స్వరాన్ని ఊపే ఆ సొగసు, వినపడదు. బెజవాడలో అయితే తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరులో అయితే వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, అలాంటి హాల్లో పెట్టినప్పుడు వెళ్లి వినండి.

మైకు గురించి ఎంత చెప్పినా తక్కువే. హాల్లో అయితే గోడల నుంచి శబ్దం తిరిగొస్తుంది, ఆరుబయట అలా రాదు, స్పీకరు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. వెనక వరసకి వినపడాలని ఆపరేటరు వాల్యూమ్ పెంచుతాడు, ముందు కూర్చున్నవాళ్ల గుండెలు అదురుతాయి. దీనికి మందు ఉంది. వేదిక దగ్గర రెండు కొండల్లాంటి బాక్సులు పెట్టే బదులు పందిరి పొడవునా చిన్న స్పీకర్లు కట్టి సౌండు తగ్గించుకుంటే అందరికీ ఒకేలా వినిపిస్తుంది. గుంటూరులో ఒక చోట ఇలా చేశారు, ఆ రాత్రి గాయని తగ్గు స్థాయిలో పాడిన భైరవి ఆలాపన కూడా వెనక చెట్టు కింద కూర్చున్న మాకు అందింది.

రెండో జబ్బు ఎకో. ఒకసారి మిక్సరు దగ్గర కూర్చున్న కుర్రాడిని అడిగాను, "బాబూ, కాస్త ఆ ఎకో తీసేస్తావా, సాహిత్యం తెలియట్లేదు" అని. "ఎకో లేకపోతే పాట పొడిపొడిగా ఉంటదమ్మా, వెనకాల వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. ఒక్క కీర్తనకి తీసి చూడు నాన్నా అంటే తీశాడు, మంచి పిల్లాడు. రెండో చరణంలో గాయని తనంతట తనే అతని వైపు చూసి అలాగే ఉంచమని చెయ్యి ఊపింది. చివర్లో భజనకి మళ్లీ పెట్టుకున్నాడు, అది ఫర్వాలేదు, భజనకి బాగుంటుంది. ఆపరేటర్లు మొండివాళ్లని కమిటీవాళ్లు అంటుంటారు గానీ, అడిగే విధంగా అడిగితే వింటారు. ఇంకో చిట్కా, ఎక్కడ కూర్చోవాలో తెలియకపోతే మిక్సరు బల్ల దగ్గర్లో కూర్చోండి. అతను తన చెవికి బాగున్నట్టు సర్దుకుంటాడు కాబట్టి పందిరి మొత్తంలో అక్కడే కాస్త సమంగా వినిపిస్తుంది.

టైము సంగతి కొంచెం కోపంగానే చెప్తాను. మా నాన్నగారి రోజుల్లో భోజనాలు చేసి వచ్చి రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుంటే తెల్లవారుజామున లేచేవాళ్లట. 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం, పండగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వచ్చు. ఆ నిబంధన మంచిదే, చుట్టుపక్కల పరీక్షలకి చదివే పిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు. నా గొడవ దాంతో కాదు. ఆరున్నరకి మొదలవ్వాల్సిన కచేరీ ముందు సన్మానాలు పెట్టడంతోనే. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు, ప్రతి దాత గురించీ నాలుగు మాటలు, అన్నీ అయ్యేసరికి ఎనిమిది. ఎక్కడో ఊరి నుంచి వచ్చిన విద్వాంసుడు కచేరీలో విస్తారంగా పాడాల్సిన రాగం తానం పల్లవిని పావుగంటకి కుదించి పాడాల్సిన గతి పట్టడం నేను చాలాసార్లు చూశాను. సన్మానాలు ఎనిమిదో రోజు అన్నీ కలిపి ఒకేసారి పెట్టండి, మేం వచ్చి చప్పట్లు కొడతాం.

ఇంత రాస్తూ కూడా ఏటేటా ఎందుకు వెళ్తానంటే శ్రోతల కోసం కూడా. తర్వాత బాలమురళీకృష్ణగా పేరుపొందిన ఎనిమిదేళ్ల మురళీకృష్ణ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసి అందరినీ నివ్వెరపరిచింది ఈ బెజవాడలోనే, ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యులకి పాఠం చెప్పిందీ ఇక్కడే, 1948 నుంచి రేడియో స్టేషను ఉన్న ఊరు. ఆ చెవులు ఇంకా ఉన్నాయి. పందిట్లో నా పక్కన కూర్చునే ఒక మామ్మగారు వత్తులు చేసుకుంటూ వింటారు, గాయకుడు స్వరకల్పనలో (అప్పటికప్పుడు స్వరాలు అల్లుతూ పాడేటప్పుడు) తిరిగి పాట ఎత్తుగడకి కరెక్టుగా వచ్చినప్పుడు మాత్రమే తల ఎత్తుతారు. చాలా కచేరీలకి ఆవిడ తల ఎత్తలేదు.

ఈమధ్య మే సెలవుల్లో కృష్ణ ఒడ్డున ఫ్యూజన్, జాజ్ అంటూ సాయంత్రాలు కూడా పెడుతున్నారు, వాటికీ వెళ్తున్నాను. శాక్సఫోన్ ఉంటే తప్పకుండా వెళ్లండి. అడాల్ఫ్ శాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్నప్పుడు దాన్ని మిలిటరీ బ్యాండ్లలో కూడా వాయించాలనుకున్నాడు, అంటే అదీ ఆరుబయట పనికొచ్చే వాద్యమే, మన సన్నాయికి చుట్టం. కద్రి గోపాల్‌నాథ్ గారు మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని, కష్టపడి కర్ణాటక గమకాలు పలికించి, 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్ దాకా తీసుకెళ్లారు. పాలకొల్లు శ్రీనివాస్ గారి మాండొలిన్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కన నిలబడిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏటి ఒడ్డున రాత్రి ఇంకో లాభం ఉంది, ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి నీటిని ఆనుకున్న గాలి చల్లబడి పైగాలి వేడిగా ఉన్నప్పుడు శబ్దం కిందికి వంగి చాలా దూరం స్పష్టంగా పోతుంది. ఒక రాత్రి శాక్సఫోన్ మీద హంసధ్వని రాగం అలా విన్నాను, జాజ్ అంటే ఏంటో తెలియని మా ఆడపడుచు కూడా కదల్లేదు. కానీ తర్వాత డ్రమ్ సెట్టూ బేస్ గిటారూ మొదలయ్యాక పాపం ఘటం ఆయన చేతులు కదలడమే కనిపించింది, ఒక్క దెబ్బ వినపడలేదు. ఆరుగురు ఉంటే ఆరుగురూ వినపడాలి, లేకపోతే నలుగురినే పిలవండి.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఇంటి నుంచి మందపాటి చాప తెచ్చుకోండి, దోమలకి ఒంటికి రాసుకునేది ఏదైనా ఉంచుకోండి, నీళ్ల సీసా మర్చిపోవద్దు. పానకం ఇచ్చినప్పుడు తప్పకుండా తాగండి, మిరియం ఘాటుకి ఉక్కపోత కాసేపు మర్చిపోతాం. గుంటూరు నుంచి బెజవాడకి ముప్పై అయిదు కిలోమీటర్ల చిల్లరే గానీ రాత్రి బస్సు కోసం నిలబడటం కష్టం, తోడుంటే మేలు.

కమిటీవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్కటి అడుగుతాను. సన్నాయి వాళ్లని సాయంత్రం ఐదింటికి, జనం రాకముందు, కుర్చీలు సర్దుతున్నప్పుడు వాయించమని పంపేస్తున్నారు. ఈసారి ఒక్క రోజైనా వాళ్లకి ఎనిమిదింటి టైమిచ్చి గంటన్నర వాయించనివ్వండి. ఆ రాత్రికి మైకు సెట్టు కూడా అక్కర్లేదు, ఆ అద్దె కూడా కలిపి వాళ్లకే ఇవ్వచ్చు.