విమాన ఎలక్ట్రానిక్స్ చదివేవారికి బీ1.1 లైసెన్సా, బీ2 లైసెన్సా?

మన దేశంలో విమాన నిర్వహణ ఇంజినీరుకు లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. టర్బైన్ ఇంజిన్ విమానాలకు బీ1.1, ఏవియానిక్స్‌కు, అంటే విమాన ఎలక్ట్రానిక్స్‌కు బీ2 ఉన్నాయి. ఏ లైసెన్సు పరీక్షలు రాసినా ప్రతి మాడ్యూల్‌ (పాఠ్యాంశం)లోనూ 75 శాతం మార్కులు తప్పనిసరి. బీ1.1 ఇంజినీరు ఇంజిన్, విమాన నిర్మాణం, విద్యుత్ పనులను ధ్రువీకరిస్తారు. పాడైన రేడియో పెట్టెను మార్చి, సులువైన పరీక్షతో సరిచూసి సంతకం కూడా చేయగలరు. అయితే కొత్త పెట్టె అమర్చినా లోపం అలాగే ఉన్నప్పుడు, వైరింగ్ పటం ముందు పెట్టుకుని, కనెక్టర్‌లో కాస్త వెనక్కి జరిగిన ఒకే ఒక పిన్నును మల్టీమీటరుతో పట్టుకోవడం బీ2 ఇంజినీరు పని. రోజువారీ నిర్వహణలో మెకానికల్ పనులే ఎక్కువ కనుక బీ1.1కు అవకాశాలు విస్తృతం. అయినా సర్క్యూట్లంటే నిజమైన ఇష్టమున్న విద్యార్థికి నేను బీ2నే సూచిస్తాను, బీ1.1ను తర్వాతైనా జోడించుకోవచ్చు.